బరువు తగ్గించే సర్జరీకి ఒరిజినల్ మెడికేరా, మెడికేర్ అడ్వాంటేజా: ఏది మేలు?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో 65 ఏళ్లకు చేరువవుతున్నవారు కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మధుమేహం ఉంది, నిద్రలో ఊపిరి ఆగుతోంది, మోకాళ్లు సహకరించడం లేదు, డాక్టరు బేరియాట్రిక్ సర్జరీ చేయించుకోమంటున్నారు. అలాంటప్పుడు ఒరిజినల్ మెడికేర్ (65 ఏళ్లు దాటినవారికి అమెరికా ప్రభుత్వమే నేరుగా నడిపే ఆరోగ్య బీమా) తీసుకుని, అందులో మన వంతుకు మిగిలే ఖర్చును భరించే ప్రైవేటు మెడిగ్యాప్ పాలసీని దానికి జోడించుకోవడం మేలా, లేక అదే మెడికేర్‌ను ప్రైవేటు కంపెనీల ద్వారా అందించే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరడం మేలా అన్నది ఆ ప్రశ్న. గత ఏడాది మా పెద్దక్కకు 65 నిండినప్పుడు మా ఇంట్లోనూ ఇదే నిర్ణయం తీసుకోవలసి వచ్చింది కనుక, అప్పుడు కూడబెట్టుకున్న వివరాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

సర్జరీకి అర్హత విషయంలో ఈ రెండింటికీ తేడా లేదని ముందుగా గుర్తించాలి. 2006 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న జాతీయ నిబంధన ప్రకారం బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచిక) 35 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, ఊబకాయంతో ముడిపడిన జబ్బు కనీసం ఒకటి ఉండాలి, అంతకుముందు వైద్యుల పర్యవేక్షణలో బరువు తగ్గడానికి చేసిన ప్రయత్నం ఫలించకపోయి ఉండాలి. టైప్ 2 మధుమేహం అటువంటి జబ్బేనని 2009లో స్పష్టం చేశారు. గ్యాస్ట్రిక్ బైపాస్, డుయోడినల్ స్విచ్, లాపరోస్కోపీ ద్వారా వేసే గ్యాస్ట్రిక్ బ్యాండ్ ఈ నిబంధన కిందికి వస్తాయి. పొట్టలో పెట్టే బెలూన్ రాదు. ఈ రోజుల్లో ఎక్కువగా చేస్తున్న స్లీవ్ సర్జరీ (జీర్ణాశయంలో పెద్ద భాగాన్ని తొలగించేది) సంగతి మాత్రం కొంచెం వేరు. దానిపై నిర్ణయాన్ని 2012 జూన్‌లో ఆయా ప్రాంతాలలో మెడికేర్ తరఫున క్లెయిములు చూసే కాంట్రాక్టర్ సంస్థలకు వదిలివేశారు కాబట్టి, స్లీవ్ చేయించుకోదలచినవారు తమ ప్రాంతపు నియమాన్ని సర్జన్ కార్యాలయంలో ముందే కనుక్కోవడం అవసరం. అడ్వాంటేజ్ ప్లాన్‌లు కూడా ఈ జాతీయ, ప్రాంతీయ నిబంధనలకు కట్టుబడి ఉండాలి.

మనవారికి ఇందులో ఒక అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. దక్షిణాసియా వాసులకు తక్కువ బరువుకే మధుమేహం వస్తుందని తెలిసిందే. అందుకే 2022లో బేరియాట్రిక్ సర్జన్ల అమెరికా సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు ఆసియా మూలాలున్నవారికి బీఎంఐ 27.5 నుంచే సర్జరీని సూచించవచ్చని చెప్పాయి. మెడికేర్ నిబంధన మాత్రం 35 దగ్గరే నిలిచిపోయింది. బీఎంఐ 32 ఉండి, ఇన్సులిన్ తీసుకుంటున్నా షుగరు అదుపులోకి రాని మనిషికి ఈ రెండు దారుల్లో ఏదీ తెరుచుకోదు.

అర్హత ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ వస్తుంది? మీ కాగితాలను ఎవరు చదువుతారు, ఎప్పుడు చదువుతారు అన్నచోట వస్తుంది. నా దృష్టిలో మొత్తం నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

అడ్వాంటేజ్ ప్లాన్‌లో సర్జరీకి ముందు దాదాపు తప్పకుండా ప్రయర్ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) కావాలి. సర్జన్ కార్యాలయం మీ రికార్డులన్నీ పంపితే ప్లాన్ తరఫు సమీక్షకులు వాటిని చదివి అవునో కాదో చెబుతారు. సాధారణ అభ్యర్థనలకు 2025 వరకు 14 రోజుల గడువు ఉండేది, 2026 నుంచి అది 7 రోజులకు తగ్గింది. ఈ పద్ధతిలో ఒక నిజమైన లాభం ఉంది: సర్జరీ బల్ల ఎక్కకముందే రాతపూర్వకమైన జవాబు చేతికి వస్తుంది. ప్లాన్ కాదంటే కారణం చెప్పి తీరాలి. దానిపై 65 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు, ప్లాన్ తన మాట మీదే నిలబడితే ఫైలు దానంతటదే స్వతంత్ర సమీక్ష సంస్థకు వెళుతుంది. అయితే ఆ జవాబు ఎంతవరకు సరైనదన్న ప్రశ్న మిగులుతుంది. అడ్వాంటేజ్ ప్లాన్‌ల తిరస్కరణలలో కొన్నింటిని ఎంచి పరిశీలించిన అమెరికా కేంద్ర ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం, ప్లాన్‌లు కాదన్న ముందస్తు అభ్యర్థనలలో 13 శాతం నిజానికి మెడికేర్ నిబంధనలకు సరిపోయినవేనని 2022లో నివేదించింది. తిరస్కరణకు గురైనవారిలో అప్పీలు చేసేవారు సుమారు పదిమందిలో ఒకరేనని, చేసినవారిలో అయిదింట నాలుగు వంతులకు పైగా పూర్తిగానో పాక్షికంగానో గెలుస్తున్నారని కూడా లెక్కలు చెబుతున్నాయి. తిరస్కరణ పత్రం రాగానే ఆశ వదులుకునేవారిని తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. అడ్వాంటేజ్‌లో ఉన్నవారు అప్పీలును కూడా దరఖాస్తులో ఒక భాగంగానే భావించాలని నా మనవి.

ఒరిజినల్ మెడికేర్‌లో ఈ సర్జరీకి ముందస్తు అనుమతి ఉండదు. మీరు అర్హులో కాదో నిబంధనను చూసి సర్జన్, ఆసుపత్రి నిర్ణయిస్తారు. క్లెయిమ్ ఆ తర్వాత వెళుతుంది. "రేపు సర్జరీ అయ్యాక డబ్బు కట్టమంటే ఎలా?" అని చాలామంది భయపడేది ఇక్కడే. మా అక్క కూడా మొదట అదే మాట అన్నది. ఆ భయానికి ఆధారం తక్కువని వివరంగా చదివాక తెలిసింది. మెడికేర్ చెల్లించదేమోనని సందేహం ఉంటే ఆసుపత్రి, సర్జన్ ఆ మాటను ముందుగానే రాసి ఇచ్చి మీ సంతకం తీసుకోవాలి. అటువంటి నోటీసు ఇవ్వకుండా సర్జరీ చేసి, తరువాత వైద్యపరమైన అవసరం లేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరణకు గురైతే సాధారణంగా ఆ భారం రోగి మీద పడదు. నష్టం తమదవుతుంది కనుకనే సర్జన్ కార్యాలయాలు రికార్డులను అంత పట్టుదలగా అడుగుతాయి. మీ వైద్యుడే ఫైలును కఠినంగా చదవడం, మిమ్మల్ని ఎన్నడూ చూడని సమీక్షకుడు చదవడం కంటే మేలని నేను నమ్ముతున్నాను.

సర్జన్ ఎంపిక కూడా ఇదే వైపు మొగ్గుతుంది. ఒరిజినల్ మెడికేర్‌తో, మెడికేర్‌ను అంగీకరించే ఏ సర్జన్ వద్దకైనా, ఏ రాష్ట్రానికైనా వెళ్లవచ్చు. గుర్తింపు పొందిన కేంద్రాలలోనే చేయించుకోవాలన్న షరతును మెడికేర్ 2013లో ఎత్తివేసింది గాని, వయసు మీరినవారు అటువంటి కేంద్రాన్నే ఎంచుకోవడం క్షేమం. అడ్వాంటేజ్‌లో మీ ఎంపిక నెట్‌వర్క్‌కు, అంటే ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్లకు, ఆసుపత్రులకు లోబడి ఉంటుంది, ఆ నెట్‌వర్క్ ఏటా మారవచ్చు. ఈ సర్జరీ ఒక్కరోజుతో ముగిసేది కాదు. బైపాస్ అయినవారు బీ12, ఇనుము, క్యాల్షియం, విటమిన్ డీ స్థాయులను జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి. కోత పెట్టిన డాక్టరు మరుసటి ఏడాది మీ నెట్‌వర్క్‌లో లేకుండా పోవడం చిన్న ఇబ్బంది కాదు.

ఖర్చు లెక్క ఇది. బీమా చెల్లించడం మొదలయ్యే ముందు మీరు కట్టవలసిన మొత్తాన్ని డిడక్టిబుల్ అంటారు. 2025లో పార్ట్ ఏ (ఆసుపత్రి బీమా) డిడక్టిబుల్ 1,676 డాలర్లు, పార్ట్ బీ (డాక్టర్ల సేవల బీమా) డిడక్టిబుల్ 257 డాలర్లు ఉండేవి, ఆపైన డాక్టర్ల ఫీజులో 20 శాతం మీది. దీనికి పైహద్దు లేదు. మెడిగ్యాప్ ప్లాన్ జీ ఉంటే ఇందులో పార్ట్ బీ డిడక్టిబుల్ తప్ప మిగిలినదంతా అదే భరిస్తుంది, కాని దానికి నెలనెలా విడిగా ప్రీమియం కట్టాలి. అడ్వాంటేజ్‌లో చాలా ప్లాన్‌లకు అదనపు ప్రీమియం ఉండదు. నెట్‌వర్క్‌లోపల ఏడాదికి మీ చేతి ఖర్చుకు హద్దు ఉంటుంది. 2025లో అది 9,350 డాలర్లు దాటకూడదన్న నిబంధన ఉండేది, చాలా ప్లాన్‌లలో హద్దు ఇంతకంటే తక్కువే. ఒక్క ఏడాదినే చూసుకుంటే ఎవరి లెక్క వారిది. మెడిగ్యాప్ లేని ఒట్టి ఒరిజినల్ మెడికేర్‌తో ఈ సర్జరీకి వెళ్లమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ఇక ఆలస్యం పనికిరాని విషయం ఒకటుంది. 65 నిండి పార్ట్ బీ మొదలైన నాటి నుంచి 6 నెలల పాటు ఏ మెడిగ్యాప్ కంపెనీ అయినా మీ జబ్బులు చూడకుండా పాలసీ ఇవ్వాలి. ఆ గడువు దాటితే కనెక్టికట్, మసాచుసెట్స్, మెయిన్, న్యూయార్క్ రాష్ట్రాలలో తప్ప, చాలా సందర్భాలలో కంపెనీ మీ ఆరోగ్య చరిత్ర అడిగి నిరాకరించవచ్చు. బీఎంఐ 38, పైగా మధుమేహం ఉన్న మనిషికి ఆ తర్వాత పాలసీ దొరకడం కష్టం. అంటే ఈ సర్జరీ ఎవరికి అవసరమో వారికే ఆ తలుపు ముందుగా మూసుకుపోతుంది. ప్రీమియం కలిసివస్తుందని 65వ ఏట అడ్వాంటేజ్‌లో చేరి, 68వ ఏట సర్జరీ కోసం వెనక్కి రావాలనుకునేవారు ఇక్కడే చిక్కుకుంటారు. పిల్లల స్పాన్సర్‌షిప్‌తో వచ్చి, అయిదేళ్ల నివాసం తర్వాత మెడికేర్ కొనుక్కునే తల్లిదండ్రులకు కూడా ఈ 6 నెలల లెక్క పార్ట్ బీ మొదలైన నాటి నుంచే నడుస్తుంది.

ఏ దారిలో వెళ్లినా పనికివచ్చేది రికార్డు. మా అక్క ఒరిజినల్ మెడికేర్, ప్లాన్ జీ తీసుకున్నా, సర్జన్ కార్యాలయం మొదటిసారి ఆమె ఫైలును వెనక్కి పంపింది. ప్రైమరీ డాక్టరు ఏళ్ల తరబడి ఆహారం గురించి నోటితో చెప్పారే గాని, బరువుతో పాటు ఆ సలహాను ఏ విజిట్‌లోనూ కాగితం మీద పెట్టలేదు. పాత ప్రయత్నాలు ఎన్ని నెలలు సాగి ఉండాలో జాతీయ నిబంధనలో లేదు గాని, ప్రయత్నమే లేనట్లు కనిపిస్తే మూడవ షరతు తప్పినట్లే. బీఎంఐ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవారికి ప్రైమరీ కేర్‌లో బరువు తగ్గడానికి ఇచ్చే కౌన్సెలింగ్‌ను మెడికేర్ 2011 నవంబరు నుంచి భరిస్తోంది. మొదటి నెల వారానికోసారి, తర్వాత అయిదు నెలలు రెండు వారాలకోసారి వెళ్లాలి. 6 నెలల్లో కనీసం 3 కిలోలు తగ్గితే ఏడాది చివరి వరకు నెలకోసారి కొనసాగుతుంది. మెడికేర్ రేటును అంగీకరించే డాక్టరు దగ్గర దీనికి మీరు చెల్లించవలసింది ఏమీ ఉండదు. అక్క ఆ ఆరు నెలలు తప్పకుండా వెళ్లింది. బరువు పెద్దగా తగ్గలేదు గాని ప్రతి విజిట్ తేదీతో సహా నమోదైంది. రెండవసారి ఫైలుకు అభ్యంతరం రాలేదు.

తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే బీమా అయిన మెడికెయిడ్ గురించి చెప్పవలసింది తక్కువ. నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి, వయోజనులకు ఈ సర్జరీని చాలా రాష్ట్రాలు భరిస్తున్నాయి. ఆదాయం తక్కువై మెడికేర్, మెడికెయిడ్ రెండూ ఉన్నవారిలో చాలామందికి ఆ 20 శాతాన్ని మెడికెయిడ్ చూసుకుంటుంది కనుక వారికి మెడిగ్యాప్‌తో పనిలేదు.

ఇప్పటికే అడ్వాంటేజ్‌లో ఉన్నవారు అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు ఉండే మార్పు గడువులో, ప్రీమియం కంటే ముందుగా తాము కోరుకున్న సర్జన్, ఆసుపత్రి ఇద్దరూ కొత్త ఏడాది నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో చూసుకోవాలి. 65 నిండి మెడికేర్‌కు మొదటిసారి అర్హత వచ్చినప్పుడే అడ్వాంటేజ్‌లో చేరి ఇంకా 12 నెలలు దాటనివారికి మాత్రం వెనక్కి వచ్చే హక్కు ఉంది. వారు ఒరిజినల్ మెడికేర్‌కు మారితే జబ్బులతో నిమిత్తం లేకుండా మెడిగ్యాప్ కొనుక్కోవచ్చు, అడ్వాంటేజ్ ముగిసిన తరువాత 63 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. మీ ప్లాన్ ఏ తేదీన మొదలైందో కార్డు తీసి ఈరోజే చూసుకోండి.