తొక్కలు కడిగిన నీళ్లని మళ్లీ వాడుకునే ఫిల్టర్ సెట్, వాడాక నా మాట

జ్యూస్ తీశాక మిగిలిన నారింజ తొక్కల నుంచి ఫైబర్ పౌడర్ చేస్తాం, ఈ పనికి నీళ్లు మామూలుగా పట్టవు, తొక్కలో చక్కెర, చేదు పోయేదాకా కడుగుతూనే ఉండాలి లేకపోతే ఆరబెట్టేటప్పుడు రంగు మారిపోద్ది, పౌడర్ కూడా చేదే. అందుకే ముందు అల్ట్రాఫిల్ట్రేషన్ (అంటే అతి సన్న రంధ్రాల పొరతో వడకట్టడం), దాని వెనక ఆర్వో ఉన్న ఈ సెట్ పెట్టించాం. నీళ్లు క్లియర్‌గా వస్తున్నాయి, డౌటే లేదు, మొదటి కడుగుకి హాయిగా వాడేస్తున్నాం. చివరి కడుగుకి మాత్రం తాగే నీళ్ల క్వాలిటీ ఉండాల్సిందే, టెస్ట్ చేయకుండా వదలొద్దు.

ఇబ్బందల్లా తొక్క నూనెతోనే. అందులో ఎక్కువగా ఉండే లిమోనీన్‌ని ముందే తీసేయకపోతే మెంబ్రేన్, అంటే వడకట్టే పొర, దెబ్బతింటుంది, పైగా తొక్కలోని పెక్టిన్ జిగురు పేరుకుని ఫ్లో పడిపోద్ది, అప్పుడు ఆ పొరని కాస్టిక్ సోడా నీళ్లతో కడగాలి. సేల్స్ వాళ్లు ఈ ముక్క చెప్తే ఒట్టు! వాడిన నీళ్లు ట్యాంకులో రాత్రంతా ఉంచారా, చక్కెరకి ఈస్ట్ పట్టి పులిసిపోతాయి, ఎప్పటికప్పుడు ఫిల్టర్ చేసేయాలి.

ఇంకోటి, ఇది కొనేముందు కౌంటర్ కరెంట్ పద్ధతి పెట్టుకోండి, అంటే చివరి కడుగు నీళ్లు దాని ముందు కడుగుకి, అవి ఇంకా ముందు దానికి, పైపులు పంపులు ఉంటే చాలు, చాలా నీళ్లు అక్కడే మిగులుతాయి. రేటింగ్ 5కి 3.5.