ప్రాసెస్ మానిటర్: ఫైల్ ఎందుకు సేవ్ కాలేదో చూపే ఉచిత పనిముట్టు

నేను కంప్యూటర్ల బాగోగులు చూసే ఒక ఆడిటర్ కార్యాలయంలో సిబ్బంది అందరివీ పరిమిత హక్కులున్న యూజర్ ఖాతాలే. సర్వర్‌లోని ఉమ్మడి ఫోల్డర్‌లో ఎక్సెల్ షీట్ తెరుచుకుంటుంది, అంకెలు మార్చుకోవచ్చు, కానీ సేవ్ నొక్కగానే మార్పులు భద్రపరచలేకపోయామన్న సందేశం వస్తుంది. అదే ఫోల్డర్‌లో నోట్‌ప్యాడ్ ఫైల్ మాత్రం ఏ పేచీ లేకుండా సేవ్ అవుతుంది. రిటర్నుల గడువు దగ్గరపడటంతో, "అందరికీ అడ్మిన్ హక్కులు ఇచ్చేయండి, ముందు పని జరగాలి" అని సార్ తొందరపెట్టారు. అంతదాకా వెళ్లకుండా ఆపింది ప్రాసెస్ మానిటర్.

విండోస్‌లో ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ను తాకిందో, ఫలితం ఏమైందో ఒక్కో ఘటనకు ఒక్కో వరుసగా ఇది చూపుతుంది. విండోస్ లోపాలు వెతకడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఒకటి. ఫైళ్ల కదలికలు చూపే ఫైల్‌మాన్, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీ కదలికలు చూపే రెగ్‌మాన్ అనే పాత పనిముట్లు రెండింటినీ కలిపి 2006లో దీన్ని విడుదల చేశారు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు, ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు.

ఫిల్టర్‌లో ప్రాసెస్ పేరుగా ఎక్సెల్‌ను ఇచ్చి, ఆ సీటులోని ఉద్యోగిని చేత ఒక్కసారి సేవ్ నొక్కించాను. ఎక్సెల్ పాత ఫైల్ మీద నేరుగా రాయదని ఆ వరుసలు చూస్తే తెలిసిపోతుంది. అదే ఫోల్డర్‌లో ఏదో ఒక అడ్డదిడ్డమైన పేరుతో తాత్కాలిక ఫైల్ సృష్టించి, అందులో మొత్తం రాసి, పాతదాన్ని పక్కకు తప్పించి, ఆ తర్వాతే కొత్తదానికి అసలు పేరు పెడుతుంది. తప్పించాలన్నా, పేరు మార్చాలన్నా డిలీట్ అనుమతి కావాలి. నోట్‌ప్యాడ్ ఉన్న ఫైల్‌లోనే రాస్తుంది కనుక దానికి రైట్ అనుమతి సరిపోతుంది. తాత్కాలిక ఫైల్ వరుసలన్నీ సక్సెస్ అని చూపగా, అసలు ఫైల్‌ను డిలీట్ హక్కుతో తెరవబోయిన చోట యాక్సెస్ డినైడ్ అని పడింది. ఆ ఫోల్డర్ నిండా అలా మిగిలిపోయిన ఫైళ్లే ఉన్నాయి. వాటిని ఇన్నాళ్లూ వైరస్ అనుకున్నారట. ఎవరూ పొరపాటున ఫైళ్లు చెరిపేయకూడదన్న సదుద్దేశంతోనే, మునుపు నెట్‌వర్క్ అమర్చిన వ్యక్తి రీడ్, రైట్ మాత్రమే ఇచ్చి ఊరుకున్నారు. నేను దాన్ని డిలీట్ హక్కు కూడా ఉండే 'మాడిఫై' అనుమతిగా మార్చి, చెరిపివేత భయం తీరడానికి సర్వర్‌లో షాడో కాపీలు (ఫైళ్ల పాత రూపాలను దాచి ఉంచే ఏర్పాటు) ఆన్ చేశాను. అవి బ్యాకప్‌కు బదులు కావన్నది వేరే సంగతి.

ఒక పాత బిల్లింగ్ ప్రోగ్రామ్ విషయంలోనూ ఇది అక్కరకు వచ్చింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో సేవ్ అయిందనుకున్న డేటా, విండోస్ విస్టా నుంచి వచ్చిన ఏర్పాటు వల్ల, ఆ యూజర్ సొంత వర్చువల్‌స్టోర్ ఫోల్డర్‌లోకి మళ్లిపోతోందని, అందుకే పక్క యూజర్‌కు కనిపించడం లేదని రెండు నిమిషాల్లో తేలింది.

లోపాలు లేకపోలేదు. డ్రైవర్ ఎక్కించాలి కనుక దీన్ని నడపడానికి అడ్మిన్ హక్కులు తప్పనిసరి. పరిమిత యూజర్ తనంతట తాను వాడుకోలేడు. ఫిల్టర్‌కు తగలని ఘటనలను వదిలేసే ఐచ్ఛికం పెట్టకపోతే, కొద్ది నిమిషాల్లోనే లక్షల వరుసలు పోగై మెమరీని తినేస్తాయి. క్రియేట్‌ఫైల్ అని ఉన్న వరుస చాలాసార్లు ఉన్న ఫైల్‌ను తెరవడమే, కొత్తది సృష్టించడం కాదు. మొదటిసారి చూసేవారికి ఇది తికమకే. యాక్సెస్ డినైడ్ కనిపించిన ప్రతి చోటా తప్పు జరిగినట్టూ కాదు, ఎక్కువ హక్కు అడిగి దొరక్క తక్కువతో సర్దుకునే ప్రోగ్రాములు బోలెడు. అన్నిటికంటే పెద్ద కొరత, నిరాకరణ షేర్ అనుమతి (నెట్‌వర్క్ ద్వారా వచ్చేవారికి పెట్టేది) వల్లనా, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతి (డిస్క్‌లోని ఫైళ్లు, ఫోల్డర్ల మీదే ఉండేది) వల్లనా అన్నది ఇది చెప్పదు. రెండింటిలో ఏది కఠినమైతే అదే చెల్లుతుంది కనుక, సర్వర్‌లో ఆ రెండింటినీ విడివిడిగా చూసుకోక తప్పదు.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ సహాయ పత్రానిది. అనుమతుల గురించి ముందే తెలిసినవారికి తప్ప అది కొరుకుడు పడదు.