రాయగడలో ఆడపిల్లకి ఫుట్‌బాల్ బూట్లు కావాలంటే ఈ షాపుకి వెళ్ళండి

ఒడిశాలో మా రాయగడ మెయిన్ రోడ్డులో ఉన్న ఈ స్పోర్ట్స్ షాపు గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. మా పాపకి బూట్లు, జెర్సీ కోసం ఇంతకుముందు వేరే ఊళ్ళో ఒక షాపుకి వెళ్తే "ఆడపిల్లకి ఫుట్‌బాలేటమ్మా, షటిల్ బ్యాటు తీసుకెళ్ళండి" అన్నారు, నాకు చాలా బాధేసింది. ఇక్కడ ఓనరు గారు పాపని కూర్చోబెట్టి ఏ పొజిషన్ ఆడతావు తల్లీ, మీ గ్రౌండు మట్టిదా గడ్డిదా అని అడిగి అప్పుడు డబ్బాలు దించారు.

మా గ్రౌండు ఎర్రమట్టి, ఎండాకాలం రాయిలా గట్టిపడిపోద్ది. అలాంటి చోట పొడుగు స్టడ్స్ (బూటు అడుగున ఉండే గుబ్బలు) ఉన్న బూట్లు వేస్తే స్టడ్స్ నేల్లోకి దిగవు, బరువంతా ఆ కాసిని స్టడ్స్ మీదే పడి అరికాలు నొప్పి, చీలమండ మడతపడే భయం కూడా. అందుకని చిన్న రబ్బరు స్టడ్స్ ఎక్కువున్న టర్ఫ్ బూట్లు చూపించారు. షోకేసులో మెరిసిపోతున్నవి రేటెక్కువ, అవే అంటగట్టొచ్చు, కానీ ఆయనే వద్దన్నారు. ఆడపిల్లల సైజులని ఈ షాపుకి విడిగా రావంట, మగపిల్లల వాటిల్లోనే చిన్న నంబరు తీసి, మందం సాక్సులు తొడిగించి, బొటనవేలి ముందు కాస్త జాగా ఉందో లేదో నొక్కి మరీ చూశారు.

ఇంక జెర్సీ. అక్కడ వేలాడదీసినవన్నీ మెస్సీ, రొనాల్డోలే. మా పాప పసుప్పచ్చ జెర్సీ మీద ఫౌలర్, 11 నంబరు కావాలంది. ఎవరమ్మా ఆవిడ అంటే చెప్పడం మొదలెట్టింది చూడండి, మేరీ ఫౌలర్ 2003లో ఆస్ట్రేలియాలో కెయిర్న్స్‌లో పుట్టింది, నాన్న ఐర్లాండాయన, అమ్మది పపువా న్యూగినీ, చిన్నప్పుడు కొన్నేళ్ళు ఇంటిల్లిపాదీ నెదర్లాండ్స్‌లో ఉన్నారు, 15 ఏళ్ళకే 2018లో బ్రెజిల్ మీద ఆస్ట్రేలియాకి ఆడేసింది, తర్వాత ఫ్రాన్స్‌లో మాంట్‌పెల్లియే క్లబ్బు, 2022లో ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ సిటీ క్లబ్బు. 2023 ఆడవాళ్ళ వరల్డ్ కప్‌లో కెనడా మీద గోలు కొట్టింది, డెన్మార్క్ మ్యాచ్‌లో తన టీమ్‌లోని ఫోర్డ్‌కి అందించిన పాస్ అయితే మా ఇంట్లో ఎన్నిసార్లు పెట్టి చూస్తారో. ఫ్రాన్స్‌తో పెనాల్టీల్లో కూడా తన వంతు గోల్లో వేసింది. ఎడమ కాలూ కుడి కాలూ ఒకేలా ఆడుతుంది, మా పాప గోడకి ఎడమ కాలితో బాల్ కొట్టేది ఆవిడని చూసే.

పాపకి ఆవిడంటే అంత ఇష్టం ఎందుకో నాకు తెలుసు. నేను తెలుగు, మా ఆయన ఒడియా. నాతో తెలుగు, వాళ్ళ జేజీమాతో (నానమ్మతో) ఒడియా, అయినా నువ్వు ఎటువైపు అని అడిగేవాళ్ళు బడిలోనూ ఉన్నారు, చుట్టాల్లోనూ ఉన్నారు. ఫౌలర్ అటు ఐర్లాండ్‌కీ ఆడొచ్చు, ఇటు పపువా న్యూగినీకీ ఆడొచ్చు, తను పుట్టిన దేశానికే ఆడింది, అలాగని అమ్మనీ నాన్ననీ ఎవర్నీ వదులుకోలేదు కదా. ఇది పిల్లకి నేను ఎన్ని చెప్పినా ఎక్కేది కాదు.

ఓనరు గారు మొత్తం విని, పేరు స్పెల్లింగు పాప చేతే కాగితం మీద రాయించుకుని ఆకుపచ్చ అక్షరాలతో ప్రింట్ వేసిచ్చారు. తిరగేసి చన్నీళ్ళలో ఉతకండి, ప్రింట్ మీద ఇస్త్రీ పెట్టొద్దు అని కూడా చెప్పారు, అలాగే చేస్తున్నాం, ఇంతవరకు ఒక్క అక్షరం లేవలేదు.

లోటు చెప్పాలంటే ముంగాలికి దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్ గార్డులు చిన్న సైజువి లేవు, ఉన్నవి పిల్ల మోకాలికి తగులుతున్నాయి. ఫౌలర్‌కి 2025 ఏప్రిల్‌లో మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంటు తెగిందని తెలిసిన దగ్గర్నుంచి కాళ్ళ విషయంలో నాకు పట్టింపు ఎక్కువైంది, దయచేసి అవి తెప్పించండి సార్. పాతకాలంలోలా చేతిరాత బిల్లే ఇస్తారు గానీ సైజు మార్చడానికి అదే చాలు, పారేసుకోకండి. ఫోన్‌పే ఉంది. ఆదివారం మధ్యాహ్నం మూసుంటుంది, పొద్దున్నే వెళ్ళండి.