కెమెరా కొంటున్నారా? డబ్బా మీది అంకెలు నమ్మి పైసలు ఇయ్యకండి

లగ్గాల సీజన్ దగ్గర పడంగనే హన్మకొండ, కరీంనగర్ దిక్కు మొదటి కెమెరా కోసం తిరిగే తమ్ముళ్లు పెరుగుతారు. ఫోన్ ప్రకటనల్లో ‘48 మెగాపిక్సెల్, 4కె, 16ఎక్స్ జూమ్ డీఎస్ఎల్ఆర్’ అని పది వేల లోపు అమ్మేవి అసలు డీఎస్ఎల్ఆర్‌లే కావు. డీఎస్ఎల్ఆర్ అంటే లోపల అద్దం ఉండాలి, లెన్స్ ఊడిరావాలి. వీటి ముందర కనిపించే పెద్ద గాజు చాలావరకు పైపై సోకు. వెనక వెలుతురును పట్టి బొమ్మ చేసే సెన్సర్ గోరంత. అది తీసిన చిన్న బొమ్మనే సాఫ్ట్‌వేర్ సాగదీసి 48 చేస్తుంది. వివరాల పేజీలో ‘ఇంటర్‌పొలేషన్’ అనే మాట కోసం వెతకండి, ఎక్కడో అడుగున సన్నక్షరాల్లో దొరుకుతుంది.

16ఎక్స్ ‘డిజిటల్’ జూమ్ ఇంకా అన్యాయం. పొడవులో 16వ వంతు, వెడల్పులో 16వ వంతు కోస్తే చేతికొచ్చేది బొమ్మలో 256వ వంతు. ఆ 48 నిజమే అనుకున్నా మిగిలేది 0.19 మెగాపిక్సెల్. లెక్కలోకి వచ్చేది లెన్స్ గాజులు కదిలి చేసే ఆప్టికల్ జూమ్ ఒక్కటే.

అసలు మెగాపిక్సెల్స్ ఎన్ని కావాలి? 12×18 అంగుళాల ఆల్బమ్ పేజీకి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 5400×3600 పిక్సెల్స్, అంటే 19.4 మెగాపిక్సెల్. 24 ఉంటే ధారాళం. దానికన్నా సెన్సర్ కొలత అడగండి. మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ అయితే సుమారు 23.5×15.6 మి.మీ.; చిన్న కెమెరాల 1/2.3 అంగుళం సెన్సర్ సుమారు 6.2×4.6 మి.మీ. వైశాల్యంలో 13 రెట్ల తేడా.

లెన్స్ దగ్గర ఎక్కువ మంది దెబ్బ తింటున్నారు. కెమెరాతో పాటు కిట్‌లో వచ్చే 18-55 ఎంఎం లెన్స్ మీద 3.5-5.6 అని ఉంటుంది. అది అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం కొలత; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. 55 దాకా జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్5.6 దాటి తెరుచుకోదు. 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ లోపలికి దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు వస్తుంది. ఫంక్షన్ హాల్లో కిట్ లెన్స్‌తో ఐఎస్ఓను (వెలుతురును పెంచి చూపే సెట్టింగ్) 6400కు పెంచక తప్పదు, మొహాల మీద రవ్వ తేలుతుంది. అయితే సగం ధరకే అంటగట్టే నికాన్ 50 ఎంఎం ఎఫ్1.8డీ తీసుకోకండి. లెన్స్ మంచిదే గానీ అందులో ఫోకస్ తిప్పే మోటారు లేదు. నికాన్ డీ3500, డీ5600 కెమెరా బాడీల్లోనూ లేదు. వాటి మీద ఆటోఫోకస్ పనిచేయదు, చేత్తో తిప్పుకోవాల్సిందే.

ఇక సెకండ్ హ్యాండ్. ‘వెయ్యి ఫొటోలే కొట్టిన’ అని ఫైల్ నంబర్ చూపిస్తే నవ్వి ఊరుకోండి. అది 9999 దాటితే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది, మెనూలో రీసెట్ కూడా చేయొచ్చు. అడగాల్సింది షట్టర్ కౌంట్, అంటే కెమెరా తలుపు (షట్టర్) ఇప్పటిదాకా ఎన్నిసార్లు తెరుచుకుందో ఆ లెక్క. నికాన్‌లో అప్పటికప్పుడు ఒక జేపెగ్ కొట్టి, కార్డు నుంచి నేరుగా కాపీ చేసుకొని ఎగ్జిఫ్ (ఫొటో ఫైల్‌లో దాగి ఉండే వివరాలు) చూస్తే తెలుస్తుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపిస్తే ఆ సమాచారం పోతుంది, ఒప్పుకోకండి. చాలా కానన్ డీఎస్ఎల్ఆర్‌ల ఫైల్‌లో ఆ అంకె ఉండదు. కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తోనో, సర్వీస్ సెంటర్‌లోనో చూపించుకోవాలి. డీ5600 షట్టర్‌ను లక్ష క్లిక్కులకు, డీ750ది లక్షన్నరకు పరీక్షించారు. పెళ్లికి రెండు వేలు కొట్టినా యాభై పెళ్లిళ్లకు లక్ష! రబ్బరు గ్రిప్ కొత్తగా మెరుస్తోందని మురిసిపోవద్దు, అది మార్చడం చిన్న పని.

లెన్స్‌కు వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. సాలెగూడు దారాల్లాంటి గీతలుంటే ఫంగస్, బేరం వదిలేయండి. ఎఫ్16లో తెల్ల గోడను ఫొటో తీస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. అవి దుమ్ము అయితే తుడిస్తే పోతాయి, గీతలైతే పోవు.

కొత్తది కొంటే డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్పీ ఉండాలి. బిల్లులో సీరియల్ నంబర్ రాయించుకొని, బాడీ కింద ఉన్నదానితో అక్కడే సరిచూసుకోండి. ‘బిల్లు లేకుండా అయితే నాలుగు వేలు తగ్గిస్తా’ అంటే వారంటీ మీద ఆశ వదులుకున్నట్టే. ఇప్పటికే మోసపోయినవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాట్, పైసలు కట్టిన రసీదు దగ్గర పెట్టుకొని 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.