‘మట్టిలో కలిసిపోయే సంచులు’ కొనబోయేవారికి హెచ్చరిక

ఆకుపచ్చ పెట్టె మీద ఆకు బొమ్మ వేసి, ‘నూటికి నూరు శాతం బయోడీగ్రేడబుల్’ అని ముద్రించి అమ్ముతున్న సంచులను కొనాలనుకుంటున్నవారు డబ్బు చెల్లించే ముందు ఈ నాలుగు మాటలు చదవవలసిందిగా కోరుతున్నాను. అలాంటి కట్ట ఒకటి తెప్పించుకుని నేను మోసపోయాను. దానివల్ల ఎనిమిది నెలల పాటు జాగ్రత్తగా చేసుకున్న ఎరువు పనికిరాకుండా పోయింది. కడిగి, ఆరబెట్టి రీసైక్లింగ్‌కు ఇచ్చిన మంచి ప్లాస్టిక్ కూడా వెనక్కి వచ్చింది. అమ్మినవారి పేరు కావాలనే రాయడం లేదు. ఇవే మాటలతో ఇదే సరుకు అమ్మేవారు చాలామంది ఉన్నారు కనుక, ఒక పేరు గుర్తుపెట్టుకోవడం కంటే సరుకును గుర్తుపట్టగలగడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

నేను కొన్న కట్టలో మూడు రకాలు ఉన్నాయి: తడిచెత్తకు పలుచని ఆకుపచ్చ కవర్లు, సరుకులకు గోధుమరంగు కాగితపు సంచులు, వాటితోపాటు ‘గుడ్డ సంచులు’ అని చెప్పినవి రెండు. ఇంట్లో ప్లాస్టిక్ తగ్గించుకుందామన్న ఉద్దేశంతో, మామూలు కవర్ల కంటే ధర ఎక్కువైనా వెనకాడలేదు. మూడింటిలో ఒక్కటి కూడా పెట్టె మీద రాసినట్టు లేదు.

ముందుగా ఆకుపచ్చ కవర్ల సంగతి. కూరగాయల తొక్కలను కవరుతో సహా ఎరువు డబ్బాలో వేయవచ్చని పెట్టె మీద ఉంది. అలాగే వేశాను; పైన ఎండుటాకులు పరిచి, కాస్త మట్టి చల్లి, వారానికోసారి కలియబెడుతూ వచ్చాను. ఎనిమిది నెలల తర్వాత జల్లెడ పట్టబోతే తొక్కల ఆనవాలు కూడా లేదు. ఆకులన్నీ నల్లటి పొడిగా మారి, వాన పడిన నేల వాసన వేస్తున్నాయి. కవర్లు మాత్రం మాయం కాలేదు, ముక్కలయ్యాయి. గోరంత ముక్కలు, అంచులు చుట్టుకుపోయి, వేళ్లతో నొక్కితే చిట్లుతున్నాయి. ఒక ముక్క మీద ఆకు బొమ్మ తొడిమతో సహా రంగు వెలవకుండా ఉంది. రెండు సాయంత్రాలు కూర్చుని ఏరాను. కంటికి కనిపించినవి ఏరగలిగాను గాని, జల్లెడ కంతల్లోంచి జారిపోయిన పొడిలో ఎంత ప్లాస్టిక్ ఉందో తేల్చుకునే దారి నాకు లేదు. ఆ ఎరువును మొక్కలకు వేయడానికి మనసొప్పలేదు.

అప్పుడు పెట్టెను తిరగేసి చూస్తే అడుగున, మడత కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఆక్సో సాంకేతికతతో తయారైనది’ అని ఉంది. అసలు విషయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆక్సో డీగ్రేడబుల్ అంటే సాధారణంగా మనకు తెలిసిన పాలిథీనే. అందులో మాంగనీసు, కోబాల్టు, ఇనుము వంటి లోహాల లవణాలను కొద్ది మోతాదులో కలుపుతారు. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్ తగిలినప్పుడు పాలిథీన్ అణువుల గొలుసులు తెగే వేగాన్ని ఈ లవణాలు పెంచుతాయి, దాంతో కవరు పెళుసెక్కి ముక్కలవుతుంది. ముక్కలు కావడం వేరు. సూక్ష్మజీవులు దాన్ని తిని కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మార్చేయడం వేరు. పెద్ద ప్లాస్టిక్ చిన్న ప్లాస్టిక్‌గా మారితే ఏరి పారేయడం కూడా కుదరదు కాబట్టి, నన్నడిగితే దీనికంటే మామూలు కవరే నయం. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన ఆదేశం ఆక్సో డీగ్రేడబుల్ ప్లాస్టిక్‌తో చేసిన వస్తువులన్నిటినీ నిషేధించింది, ఆ నిషేధం 2021 జూలై 3 నుంచి అమల్లో ఉంది. కొనే ముందు ఈ సంగతి నాకు తెలియదు, తెలుసుకోవలసింది.

ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ 2019లో ప్రచురించిన అధ్యయనం కూడా నాకు ఆ తర్వాతే కంటపడింది. ఐదు రకాల సంచులను ఆరుబయట గాలిలో, మట్టిలో, సముద్రపు నీటిలో ఉంచి వారు మూడేళ్లు గమనించారు. ఆరుబయట ఉంచినవి తొమ్మిది నెలలకే ముక్కలయ్యాయి. మట్టిలోనూ సముద్రంలోనూ ఉంచిన ‘బయోడీగ్రేడబుల్’ సంచి మాత్రం మూడేళ్ల తర్వాత కూడా సరుకులు మోయగలిగే స్థితిలోనే ఉంది. కంపోస్టబుల్ అన్న సంచి సముద్రంలో మూడు నెలల్లో కనిపించకుండా పోయింది గాని, మట్టిలో 27 నెలల తర్వాత కూడా దొరికింది. కాకపోతే బరువు పెడితే చిరిగిపోయింది.

ఇక్కడ రెండు మాటల మధ్య తేడా తెలుసుకోవాలి. ‘బయోడీగ్రేడబుల్’ అన్న మాట ఎన్ని రోజుల్లో, ఎక్కడ, ఎంత మేరకు అన్నది చెప్పదు. ‘కంపోస్టబుల్’ అన్నదానికి మాత్రం కొలత ఉంది. ఈఎన్ 13432 అనే ఐరోపా ప్రమాణం ప్రకారం, కంపోస్టులో 12 వారాలు ఉంచి 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన మిగిలింది పది శాతానికి మించకూడదు; ఆరు నెలల్లోపు 90 శాతం జీవ విచ్ఛిన్నం కావాలి. అమెరికాలో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన డి6400, అంతర్జాతీయంగా ఐఎస్ఓ 17088 ఇటువంటివే. అయితే ఇవన్నీ పెద్ద కంపోస్టు కేంద్రాలను దృష్టిలో పెట్టుకున్న ప్రమాణాలు. అక్కడ కుప్ప లోపలి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది, ఇంటి డబ్బాలో చాలావరకు అంత వేడి పుట్టదు. ఇంట్లో చేసుకునే ఎరువుకు ఆస్ట్రేలియా ఏఎస్ 5810 వంటి వేరే ప్రమాణాలున్నాయి. అందువల్ల ప్రమాణం సంఖ్య నిజంగా ఉన్న సంచి కూడా మీ డబ్బాకు సరిపోతుందన్న పూచీ లేదు. నా పెట్టె మీద అసలు ఏ సంఖ్యా లేదు.

అమ్మినవారికి ఫొటోలతో సహా రాశాను. ‘అనుకూల పరిస్థితుల్లో విచ్ఛిన్నమవుతుంది’ అని జవాబు వచ్చింది. అనుకూల పరిస్థితులంటే ఏవి, ఎన్ని రోజులు, ఏ ప్రమాణం అని అడిగితే కంపెనీ పర్యావరణం పట్ల ఎంత నిబద్ధతతో ఉందో వివరించారు. మూడోసారి అడిగితే మొదటి జవాబునే మళ్లీ పంపించారు. సరుకు వెనక్కి ఇచ్చే గడువు పది రోజులు; దాని గుణం బయటపడడానికి ఎనిమిది నెలలు పడుతుంది. డబ్బు తిరిగి రాలేదు.

ఎరువులో వేయడం మానేసిన తర్వాత, పాలిథీనే కదా అని కొన్ని కవర్లను మిగతా ప్లాస్టిక్‌తో కలిపి రీసైక్లింగ్‌కు ఇచ్చాను. ఇది నా రెండో తప్పు. వేరుచేసే చోట ఒకామె నా మూట విప్పి, ఆకుపచ్చ కవర్లు చూడగానే మొత్తం మూట పక్కన పెట్టేశారు. ఆమె చెప్పిన కారణం సబబైనదే: త్వరగా పెళుసెక్కే పదార్థం కలిసిన ముడిసరుకుతో పైపులు, డబ్బాలు చేస్తే అవి కూడా త్వరగా పాడవుతాయి, ఆకుపచ్చవన్నీ ఒక్కొక్కటిగా ఏరేంత తీరిక ఎవరికీ ఉండదు. పలుచని కవర్లు అసలే యంత్రాలకు గిట్టవు. సీసాలను, కాగితాన్ని విడదీసే తిరుగుడు బిళ్లల ఇరుసులకు చుట్టుకుపోతే యంత్రం ఆపి, లోపలికి దిగి కత్తితో కోసి తీయవలసి వస్తుంది.

కవరు మీద బాణాల త్రికోణం ఉంది కదా అని నేను వాదించాను. ఆ గుర్తు రీసైకిల్ చేస్తారన్న హామీ కాదు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం ప్లాస్టిక్ రకాన్ని తెలపడానికి 1 నుంచి 7 వరకు సంఖ్యలు పెట్టింది: నీళ్ల సీసాల పెట్ 1, గట్టి పాలిథీన్ 2, పీవీసీ 3, మెత్తటి పాలిథీన్ 4, పాలీప్రొపిలీన్ 5, పాలీస్టైరీన్ 6, మిగతావన్నీ 7. బాణాలు జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నాయని గ్రహించి 2013లో ఏఎస్‌టీఎం తన ప్రమాణంలో బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టింది, కానీ పాత గుర్తు ఇప్పటికీ సరుకుల మీద కనిపిస్తూనే ఉంది. 2015 నాటికి ప్రపంచంలో పోగైన సుమారు 630 కోట్ల టన్నుల ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతమేనని 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం లెక్కకట్టింది. బాణాలు చూసి కొనేవారు ఈ అంకెను కూడా గుర్తుంచుకోవడం మంచిది.

కాగితపు సంచుల విషయానికి వస్తే, లోపలివైపు వేలితో రాస్తే నునుపుగా జారడం చూసి అనుమానం వచ్చింది. ఒకదాన్ని చింపి రాత్రంతా నీళ్లలో నానబెట్టాను. పొద్దున్నకి కాగితం గుజ్జులా ఊడివచ్చింది. చేతిలో ఉల్లిపొర లాంటి పారదర్శకమైన పొర ఒకటి సంచి ఆకారంలోనే మిగిలింది. పెట్టె మీద మాత్రం ‘ప్లాస్టిక్ లేదు’ అనే ఉంది. ఇలా పొర అతికించిన కాగితాన్ని మామూలు కాగితంతో కలిపి గుజ్జు చేయడం కష్టం, ప్లాస్టిక్ కింద తీసుకోవడమూ కుదరదు. కాగితం అయినంత మాత్రాన భారం తక్కువ అనుకోవడం కూడా పొరపాటేనని చెప్పాలి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన పోలికలో పలుచని ప్లాస్టిక్ కవరు బరువు 8 గ్రాములు, కాగితపు సంచి బరువు 55 గ్రాములు. ఆ కవరును ఒక్కసారే వాడి పారేస్తారనుకున్నా, వాతావరణంపై ప్రభావంలో దానితో సమానం కావాలంటే కాగితపు సంచిని మూడుసార్లు, నూలు సంచిని 131 సార్లు వాడాలని ఆ లెక్క. అదే కవరును మళ్లీ చెత్తబుట్టలో పరుచుకుంటే ఈ సంఖ్యలు ఇంకా పెరుగుతాయి. కాలువల్లో, చెట్ల కొమ్మల మీద పేరుకుపోయే చెత్త సంగతి ఈ లెక్కలోకి రాదు, అక్కడ కాగితానిదే పైచేయి. నా కాగితపు సంచి పిడి మాత్రం మొదటి రోజే, అడుగు తడవకముందే ఊడిపోయింది.

‘గుడ్డ సంచులు’ గుడ్డవి కావు. దారం లాగుదామంటే దారం లేదు. వెలుతురుకు పట్టి చూస్తే నేత లేదు, వరుసగా నొక్కిన చిన్న చుక్కలున్నాయి. అది నాన్ వోవెన్ పాలీప్రొపిలీన్, అంటే 5వ రకం ప్లాస్టిక్. గట్టిగానే ఉంటుంది, పై పోలిక ప్రకారం 11 సార్లు వాడితే చాలు, దాని మీద నాకు కోపం లేదు. గుడ్డ అని చెప్పి అమ్మడమే అన్యాయం.

ఆకుపచ్చ కవరును ఇంట్లోనే పరీక్షించుకునే ఉపాయం ఒకటుంది. బొటనవేలి గోరంత ముక్క కత్తిరించి, సబ్బు చుక్క కలిపిన నీళ్ల గ్లాసులో వేసి, బుడగలు పోయేలా చెంచాతో అడుగుకు అదిమి వదలాలి. పాలిథీన్ నీటికంటే తేలిక, పైకి లేస్తుంది. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ వంటి కంపోస్టబుల్ పదార్థాలు నీటికంటే బరువు, మునుగుతాయి. సుద్దపొడి ఎక్కువగా కలిపిన పాలిథీన్ కూడా మునగవచ్చు కనుక మునిగినంత మాత్రాన అసలైనదని నమ్మకూడదు. తేలితే మాత్రం అది కంపోస్టు కాదని ధైర్యంగా అనుకోవచ్చు. నా కవరు ముక్క చెంచా తీయగానే బెండు ముక్కలా పైకి వచ్చింది.

ఇలాంటివి ఇప్పటికే కొన్నవారు వాటిని ఎరువులోనూ వేయవద్దు, రీసైక్లింగ్ ప్లాస్టిక్‌తోనూ కలపవద్దు; రెండింటికీ పనికిరాని మిగులు చెత్తకు వాడుకుని వదిలించుకోవడమే మార్గం. కొనబోయేవారు ప్రమాణం సంఖ్య ఏది, ఇంటి ఎరువుకా లేక కంపోస్టు కేంద్రానికా, ఎన్ని వారాలు పడుతుంది అన్న మూడు ప్రశ్నలకు ముందుగానే రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఫిర్యాదు చేయదలచినవారు పెట్టెను పారేయకుండా, ముఖ్యంగా అడుగు మడతను, ఫొటో తీసి ఉంచుకోండి. నేను మొదటి పెట్టెను చింపి చెత్తలో వేసేశాను. అడుగున ఉన్న ఆ అక్షరాలు చూసింది రెండో పెట్టె మీదే.