మా వీధి చివరి కర్రీ పాయింటు: రుచికి వంక లేదు, నూనెకే లెక్క లేదు

కూకట్‌పల్లిలో మా వీధి చివరనున్న కర్రీ పాయింటు నుంచి మూడు నెలల పాటు, వారానికి ఐదు రాత్రులు కూరలు తెచ్చుకున్నాము. అన్నం మాత్రం ఇంట్లో వండుకుని, పప్పో పులుసో వేపుడో కవర్లలో కట్టించుకుని వచ్చే అలవాటు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే మాలాంటి ఇళ్లలో ఎంత మామూలైపోయిందో చెప్పనక్కరలేదు. అందుకే ఈ సమీక్షలో రుచి గురించి కొంచెమే చెప్పి, ఆ కూరలు ఒంటికి చేస్తున్నదాని గురించి ఎక్కువ చెబుతాను.

రుచికి వంక పెట్టలేను. దోసకాయ పప్పు మా అమ్మ చేసినదానికి దగ్గరగా ఉంటుంది, గుత్తి వంకాయలో నువ్వులు, పల్లీలు సమంగా పడతాయి, గిన్నెలకు మూతలుంటాయి. అరవై రూపాయల కవరు ఇద్దరికి చాలుతుంది.

అయితే ఒక రాత్రి గుత్తి వంకాయ కూరను గిన్నెలో పోసి, కాసేపు వంచి ఉంచి, పక్కకు చేరిన నూనెను టీ చెంచాతో తీసి చూస్తే ఐదు చెంచాలు వచ్చింది. అంటే సుమారు 23 గ్రాములు, రెండు వందల కేలరీలకు పైమాటే. కాయల్లోకి ఇంకినది ఇందులో లేదు. రెండు వేల కేలరీల ఆహారం తీసుకునే మనిషికి రోజు మొత్తానికి 27 గ్రాముల నూనె చాలునని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పొద్దున తిన్న దోసెను, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్ భోజనాన్ని కలుపుకుంటే, రాత్రి కూర ముట్టకముందే ఆ కోటా అయిపోయి ఉంటుంది.

ఇంట్లో వండుకునే రోజుల్లో నూనె డబ్బా ఎన్నాళ్లకు ఖాళీ అవుతోందో ఇల్లాలికి తెలుస్తుంది, ఈ నెల ఎక్కువైందే అనిపిస్తే చెయ్యి దానంతటదే వెనక్కి తగ్గుతుంది. కవర్లలో వచ్చే కూరకు ఆ డబ్బా ఉండదు. దీనికి తోడు ఉప్పూ కారమూ దిట్టంగా ఉండడంతో, గరిటెడు కూరకు మామూలుకన్నా మరో రెండు పిడికిళ్ల అన్నం ఎక్కువ పడుతోంది.

మూడు నెలల్లో మా వారి నడుము రెండంగుళాలు పెరిగింది. ఆ నేరమంతా కూరల మీదకే నెట్టను, సాయంత్రం నడక కూడా అప్పుడే మానేశారు. కానీ 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15–49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. ఇది మా ఇంటి ముచ్చట ఒక్కటే కాదు.

కొట్టు నడిపే ఆమెను అడిగితే దాచకుండా చెప్పారు: “నూనె తగ్గిస్తే మధ్యాహ్నం వండింది రాత్రికి ఎండిపోయినట్టు కనపడుతుందమ్మా, ఎవరూ కొనరు.” ఆ మాటలో నిజముంది, మనమూ మెరిసే గిన్నె వైపే వేలు చూపిస్తాము.

అందుకే ఇప్పుడు ఐదు రాత్రుల అలవాటు తగ్గించి, వేపుళ్లు, మసాలా కూరలు మానేశాను. వారానికి రెండు రోజులు పప్పు, పుల్కాలు మాత్రం తెచ్చుకుంటున్నాము. ముందుగా చెబితే పోపు కలపకుండా పప్పు తీసి ఉంచుతున్నారు, అదీ ఏడు గంటల లోపు వెళితేనే.