లాక్ టైల్స్ మంచివే, కింద గచ్చు ఒప్పుకుంటే

మాది అమలాపురం దగ్గర. ఇల్లున్న చోటు ఒకప్పుడు వరిచేను. లారీల కొద్దీ మట్టి తోలి మెరక చేశాం, ఇంక కదలదనుకున్నాం. కోనసీమ జిగట మట్టి ఊరుకుంటుందా! వేసవిలో కాలవలు కట్టేశాక నెర్రెలిస్తుంది, వానలు పడ్డాక ఉబ్బుతుంది. వీధి వరండాలో సిమెంటుతో అతికించిన టైల్సు ఆరేళ్ళకే గుల్లబారాయి. వేలితో తడితే కొన్ని ఖాళీ కొబ్బరిచిప్పల్లా మోగేవి. అవి పీకించి, సిమెంటు గడ్డలు ఉలితో చెక్కించి, పాత గచ్చు మీదే ఈ లాక్ టైల్స్ పరిచాం. అతికించేది లేదు కాబట్టి నేల కాస్త కదిలినా ఇవి పగలవని ఆశ.

వస్తువు సంగతి. ఒక్కోటీ 30 సెంటీమీటర్ల చదరం. పైన సిరామిక్ పలకో, రాతి పలకో ఉంటుంది. కింద నల్ల ప్లాస్టిక్ జల్లెడ, దానికి పొట్టి కాళ్ళు. రెండు పక్కల కొక్కేలు, మిగతా రెండు పక్కల వాటిని పట్టే కన్నాలు. కన్నం మీద కొక్కెం పెట్టి నొక్కితే టక్కున పడుతుంది. కొక్కేలన్నీ ఒకే దిక్కు చూడాలి, అంతే కిటుకు. మా అబ్బాయి మొదటి వరసలోనే ఒక రాతి పలక తిప్పి పెట్టాడు. పట్టట్లేదని పిడికిలితో బాది కొక్కెం విరగ్గొట్టాడు.

సిరామిక్‌వి 50, రాతివి 50 తెచ్చాం. సిరామిక్ 150, రాయి 190, మొత్తం 17,000 రూపాయలు. రాతిదొకటి మూల విరిగే వచ్చింది. ఒక్కటే మార్చరట, పెట్టె మొత్తం తిరిగి ఇవ్వాలట! మాది 12 అడుగులు, 8 అడుగుల వరండా. 'అడుగుకి ఒకటండి, 96 సరిపోతాయి' అన్నాడు కొట్టతను. అడుగంటే 30.48 సెంటీమీటర్లు. పరిచేసరికి పొడుగున దగ్గర దగ్గర 6, వెడల్పున 4 సెంటీమీటర్లు ఖాళీ తేలింది. కోయించకుండా గోడల వెంట గులకరాళ్ళు పోశాను. ఎండకి ప్లాస్టిక్ సాగుతుంది, గోడ దగ్గర కొంచెం సందు ఎలాగూ వదలాలి. చూడ్డానికీ బావుంది.

అసలు తంటా ఎత్తుల దగ్గరొచ్చింది. చదరంగం బల్లలా ఒక సిరామిక్, ఒక రాయి వేయాలని ముచ్చట పడ్డాను. సిరామిక్ పలకలన్నీ ఒకే మందం. రాయి కోసి తీసేది, ఒకటి పలచన, ఒకటి లావు. లాక్ సందుల్ని సమానంగా ఉంచుతుంది గానీ ఎత్తుని సరిచేయదు. ఈ ముక్క పెట్టె మీద ఎక్కడా లేదు. 'మేస్త్రి అక్కర్లేదు' అని మాత్రం ఇంత లావు అక్షరాలతో ఉంది. కొన్ని చోట్ల రాతి అంచు పక్కదాని మీద రూపాయి బిళ్ళ మందమంత ఎత్తు లేచింది. మా అత్తయ్యగారు మోకాలి నొప్పితో కుడికాలు ఈడ్చి నడుస్తారు. మూడో రోజే బొటనవేలు తగిలింది. "ఇంటికో గడప ఉంటుంది. నువ్వు అడుక్కొకటి పెట్టించావేంటే అమ్మాయ్" అన్నారు.

ఇల్లు కట్టిన మేస్త్రిగారినే పిలిచాను. వస్తూనే మొత్తం ఊడదీయించారు. నేల సమంగా ఉందో చూసే రసమట్టం తీస్తారనుకుంటే, "అది తర్వాతండి అమ్మగారూ, ముందు రెండు బకెట్లు నీళ్ళు తెప్పించండి" అన్నారు. గచ్చు మీద నీళ్ళు పోసి, బీడీ ముట్టించుకుని, అరుగు మీద కూర్చున్నారు. నీళ్ళు పోయేవి పోగా మూడు చోట్ల మడుగు కట్టాయి. వాటి చుట్టూ సుద్దముక్కతో గీశారు. మెట్ల దగ్గరి మడుగులో వేలు పెడితే గోరు మునిగింది. ఆ మూడు చోట్లా సన్న ఇసుక, సిమెంటు కలిపి సర్దారు. నీళ్ళు వీధి వైపు పోయే వాలు మాత్రం చెడనివ్వలేదు. ఆరడానికి రెండు రోజులు ఆగాం.

తర్వాత రాతి పలకలన్నీ వరసగా నిలబెట్టి చేత్తో తడిమి ఏరారు. లావువి ఉయ్యాల బల్ల కిందికి, గోడ వారకి. దాదాపు ఒకే మందం ఉన్నవి గుమ్మం నుంచి మెట్ల దాకా మనుషులు నడిచే దారిలోకి. "గోడని నమ్మొద్దండి, వంకరుంది" అని గడప నుంచి దారం లాగారు. మూల సరిగ్గా ఉందో చూసే మూలమట్టం సరిపోలేదని, ఒక పక్క 3 అడుగులు, రెండో పక్క 4 అడుగులు కొలిచి, ఆ చివర్ల మధ్య 5 అడుగులు వచ్చేలా మూల కుదిర్చారు. ఇక పల్లంగా ఉన్న పలకల కాళ్ళ కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు! కత్తెరతో బొటనవేలి గోరంత కోసి, ఒకటో రెండో పెట్టి, పలకల మీద చెక్కబద్ద అడ్డంగా వేసి, రబ్బరు సుత్తితో తట్టి చూసుకుంటూ పోయారు. సిరామిక్ పలక ఒక మూల గాల్లో ఉంటే తొక్కినప్పుడు టకటకమంటుంది, బరువు పడితే పగిలిపోతుంది కూడా. అందుకని ప్రతిదాన్నీ నాలుగు మూలలా తొక్కించి చూశారు.

ఒక వానాకాలం గడిచింది. నీళ్ళు సందుల్లోంచి దిగి చక్కగా పోతున్నాయి. కానీ కొబ్బరి పూత కూడా దిగుతుంది. కార్తీకంలో ఒక వరస లేపి చూస్తే కింద పూత, బురద, ఒక చిన్న కప్ప. లేపి కడుక్కోగలగడం మాత్రం గొప్ప సుఖం, అతికించిన వాటితో ఇది కుదరదు. రాతి మీద కొబ్బరినీళ్ళ మరక ఇంకా పోలేదు. సిరామిక్ మీదది తడిగుడ్డతో పోయింది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. పెరటి వైపుకి కూడా తీసుకుంటాను గానీ ఈసారి ఒట్టి సిరామిక్కే. మిగిలిన ట్యూబు ముక్కలు సంచీలో వేసి మేకుకి తగిలించాను. వచ్చే వేసవికి నేల మళ్ళీ దిగితే కావాలి.